హైదరాబాద్‌లో కాంట్రాక్ట్, బెజవాడలో ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కాంట్రాక్టర్‌ని. ఇల్లు బెజవాడలో, పని గచ్చిబౌలిలో. 2022 నుంచి ప్రతి వారం ఈ రెండు ఊళ్ళ మధ్య తిరుగుతున్నాను. మా ఆయన కృష్ణా జిల్లాలో ప్రభుత్వ స్కూలు టీచరు, ఉద్యోగం వదులుకుంటే తప్ప ఆయన హైదరాబాద్ రాలేరు. పాప అయిదో క్లాసు. అత్తయ్య మాతోనే ఉంటారు. ఇలాంటి పరిస్థితిలో ఉన్న స్నేహితులు, స్నేహితుల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఇలా వారం వారం తిరగడం అయ్యే పనేనా?

అవుతుంది, కానీ లెక్క మార్చుకోవాలి. అందరూ "వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాను కదా" అంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి బస్సెక్కి, తెల్లవారుజామున నాలుగున్నరకి బెజవాడలో దిగి, ఇంటికెళ్ళి పడుకుంటే శనివారం పదకొండు దాకా లేచేదాన్ని కాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్ళీ రెండు గంటలు నిద్ర. ఆదివారం సాయంత్రం నుంచే బ్యాగు సర్దడం. ఒక ఆదివారం నేను నిద్ర లేచేసరికి పాప మంచం పక్కన నిలబడి "అమ్మా, లేచావా? మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు?" అని రెండూ ఒకే ఊపిరిలో అడిగింది.

ఆ రోజు కాగితం మీద లెక్క రాశాను. ఇంట్లో నేను మెలకువగా ఉన్నది వారానికి 24 గంటలు. అప్పటి నుంచి నా కొలత అదొక్కటే: ఇంట్లో మెలకువ గంటలు. బస్సా రైలా, హాస్టల్ ఎక్కడ, ఏ కాంట్రాక్ట్ ఒప్పుకోవాలి, అన్నీ దాన్ని బట్టే. ఇప్పుడు నాకు శుక్రవారం రాత్రి, శని, ఆది కలిపి 32 గంటలు వస్తున్నాయి, సోమవారం సాయంత్రం అదనం. కింద రాసినవన్నీ ఈ గంటలు ఎలా పెంచుకున్నానో చెప్పేవే.

కాంట్రాక్ట్ ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?

రేటు తర్వాత, ముందు ఇవి అడగండి. వారంలో ఆఫీసుకి ఖచ్చితంగా ఎన్ని రోజులు రావాలి, ఏ రోజులు, ఆ రోజులు ఎవరు నిర్ణయిస్తారు? "హైబ్రిడ్" అన్న ఒక్క మాట నమ్మి చేరకండి. మూడు రోజులు అన్నారంటే అది మంగళ-బుధ-గురువారాలా, లేక సోమ-బుధ-శుక్రవారాలా అన్నదానికి మన బతుకులో చాలా తేడా ఉంది. రెండో పద్ధతి అయితే మధ్యలో ఇంటికి వెళ్ళలేం, కాబట్టి అది అయిదు రోజుల కిందే లెక్క. నోటిమాట కాకుండా మెయిల్‌లో రాయించుకోండి, ఎందుకంటే మిమ్మల్ని తీసుకున్న మేనేజర్ మూడు నెలల్లో మారిపోవచ్చు.

రెండోది, మీరు ఎవరి ఉద్యోగి? పని ఒక కంపెనీకి, జీతం ఇంకో పేరోల్ కంపెనీ నుంచి వస్తుంది. ఆ పేరోల్ వాళ్ళు మిమ్మల్ని ఉద్యోగిగా చూపించి పీఎఫ్ కట్టి జీతం మీద పన్ను కోతకి సర్టిఫికెట్ ఇస్తారా, లేక ప్రొఫెషనల్ ఫీజు అని చెప్పి 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసుకుని మిగతాది చేతికిస్తారా? రెండో దాంట్లో చేతికొచ్చేది ఎక్కువగా కనిపిస్తుంది, కానీ పీఎఫ్ ఉండదు, సెలవుకి డబ్బు ఉండదు, పన్ను లెక్క మొత్తం మీ మీదే.

మూడోది, క్లయింట్ (పని చేయించుకునే కంపెనీ) ఎన్ని రోజుల నోటీసుతో మిమ్మల్ని ఆపేయవచ్చు, మీరు ఎన్ని రోజులు ఇవ్వాలి? నాకు మొదటి కాంట్రాక్ట్‌లో వాళ్ళకి 15 రోజులు, నాకు 60 రోజులు అని రాసి ఉంది. సంతకం పెట్టేటప్పుడు చూడలేదు. ఇప్పుడు రెండువైపులా 30 చెయ్యమని అడుగుతాను, మూడింట రెండుసార్లు ఒప్పుకున్నారు. అడగడానికి మొహమాటపడకండి.

ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మనమే. కాంట్రాక్టర్‌కి విడిగా టికెట్ డబ్బులు ఇచ్చేవాళ్ళు నాకైతే తగల్లేదు. అందుకని రేటు చెప్పేటప్పుడే కలిపి చెప్పాలి. హాస్టల్, నెలకి నాలుగు రానుపోను టికెట్లు, రెండువైపులా ఆటోలు, బయట తిండి, సెలవు పెట్టిన రోజులకి పోయే డబ్బు, సొంతంగా కట్టుకునే ఆరోగ్య బీమా, ఇవన్నీ కూడి పన్నెండు నెలలకి వేసుకుని, ఏడాదిలో కనీసం ఒక నెల కాంట్రాక్ట్ లేకుండా ఖాళీగా ఉంటామనుకుని పదకొండుతో భాగించండి. ఆ అంకె రేటులోంచి తీసేశాక మిగిలేది సొంతూళ్ళో దొరికే ఉద్యోగం జీతంతో పోల్చి చూస్తే చాలామందికి అనుకున్నంత తేడా కనిపించదు. నాకు కనిపించింది కాబట్టే వెళ్తున్నాను. కనిపించకపోతే వెళ్ళొద్దనే చెప్తాను.

బస్సా, రైలా, కారా?

రోడ్డు మీద హైదరాబాద్ నుంచి బెజవాడకి దాదాపు 275 కిలోమీటర్లు, జాతీయ రహదారి 65. బస్సు అయిదున్నర నుంచి ఆరున్నర గంటలు. కానీ అందులో ఊరు దాటడానికే ఎంత పడుతుందో చూసుకోండి. గచ్చిబౌలి, మియాపూర్ వైపు ఎక్కితే అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్ అన్నిచోట్లా ఆగి ఎల్బీనగర్ చేరేసరికి శుక్రవారం సాయంత్రమైతే గంటన్నర పైనే. నేను బస్సులో వెళ్ళాల్సి వస్తే మెట్రోలో ఎల్బీనగర్ వెళ్ళి అక్కడ ఎక్కుతాను. రాయదుర్గంలో నీలం లైను, అమీర్‌పేటలో మారి ఎర్ర లైను. నిలబడే వెళ్ళినా సరే, ఎప్పుడు చేరతానో ముందే తెలుస్తుంది, బస్సు వెళ్ళిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు.

రైలు దూరం ఎక్కువ, ఖమ్మం, వరంగల్, కాజీపేట మీదుగా తిరిగి వెళ్తుంది. అయినా నాకు ఎనిమిది గంటలు కలిసొచ్చింది రైలు వల్లే. 2023 సంక్రాంతి రోజున, జనవరి 15న, సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ మొదలైంది. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో సికింద్రాబాద్‌లో బయల్దేరి, నాలుగు గంటలు కాస్త అటూ ఇటూగా బెజవాడలో దింపుతుంది (టైము, నడవని రోజు మారుతుంటాయి, ఎప్పటికప్పుడు చూసుకోండి). శుక్రవారం పొద్దున ఆరున్నరకే హాస్టల్‌లో లాప్‌టాప్ తెరుస్తాను, పన్నెండున్నరకి బయటపడతాను, మిగిలిన గంటలు గురువారమే ముందుకు చేసేస్తాను. రాత్రి ఎనిమిదికి ఇంట్లో అందరితో కలిసి అన్నం తింటాను. శనివారం ఏడింటికే లేస్తాను. బస్సు కన్నా డబ్బు ఎక్కువే. శనివారం పొద్దున నాకు తిరిగి దక్కినందుకు ఆ డబ్బు ఇస్తున్నాననుకుంటాను.

రైలు ఎక్కే ముందు చివరి స్టేషన్ ఏదో చూడండి. గౌతమి లాంటివి లింగంపల్లి దాకా వెళ్తాయి, గచ్చిబౌలి వాళ్ళకి అది వరం. కొన్ని ఇప్పుడు ఊరికి అవతలి చివరనున్న చర్లపల్లి మీదుగా మళ్ళించారు, అక్కడ దిగితే ఆఫీసుకి ఇంకో ప్రయాణం.

కారు అయితే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కి శంషాబాద్ మీదుగా గచ్చిబౌలి వెళ్తే ఊళ్ళో ట్రాఫిక్ తగలదు. దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర నాలుగు టోల్ గేట్లు. ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది, ఏడాదికి లేదా 200 ట్రిప్పులకి, ఏది ముందైతే అది. ఒక్కో గేటు ఒక ట్రిప్పు కింద లెక్క కాబట్టి రానుపోను ఎనిమిది, అంటే 25 సార్లు వెళ్ళి రావచ్చు. ఓఆర్ఆర్ మీద ఆ పాస్ చెల్లదు. కానీ దయచేసి శుక్రవారం ఆఫీసు అయ్యాక ఒక్కరే రాత్రిపూట డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళకండి. నాతో పనిచేసిన ఒకతను సూర్యాపేట దాటాక కన్ను మూతపడి డివైడర్‌కి కొట్టాడు. ప్రాణం దక్కింది. అతను ఆ రోజు పొద్దున ఆరు నుంచి పనిలో ఉన్నాడు.

పండగలకి టికెట్లు దొరక్క ఇబ్బంది పడుతున్నాం, ఎలా?

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు (2024 అక్టోబర్ ఆఖరు వరకు 120 ఉండేది). సంక్రాంతి టికెట్లకి నవంబర్ రెండో వారంలో పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాలి. తత్కాల్ ఒక రోజు ముందు, ఏసీకి పదింటికి, మిగతావాటికి పదకొండింటికి, 2025 జులై నుంచి ఆన్‌లైన్‌లో ఆధార్ జతచేసిన అకౌంట్ ఉంటేనే దొరుకుతుంది, ఆ పని ఈ రోజే చేసిపెట్టుకోండి. మామూలు వారాలకి నేను రెండు నెలల శుక్రవారాలు ఒకేసారి బుక్ చేస్తాను, వెళ్ళని వారం క్యాన్సిల్ చేస్తే పోయేది తక్కువే.

సంక్రాంతికి మాత్రం భోగి ముందు రోజు వెళ్ళాలనుకోవద్దు. పంతంగి గేటు దగ్గర ఆ రోజు బండ్లు బారులు తీరి ఉంటాయి, ప్రైవేటు బస్సుల రేట్లు చెప్పక్కర్లేదు. రెండు రోజుల ముందే వెళ్ళి, ఆ రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తానని డిసెంబర్‌లోనే మేనేజర్‌కి చెప్పేయండి.

ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు ఉంది కదా, పనికొస్తుందా?

బెజవాడ-హైదరాబాద్ ప్రయాణానికి కాదు. తెలంగాణ మహాలక్ష్మి (2023 డిసెంబర్ 9 నుంచి) తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకి ఆ రాష్ట్రం లోపలే. ఆంధ్రా స్త్రీశక్తి (2025 ఆగస్టు 15 నుంచి) ఆంధ్రా వాళ్ళకి అక్కడే, అంతర్రాష్ట్ర సర్వీసులకి లేదు. నా ఆధార్‌లో బెజవాడ చిరునామా ఉంది కాబట్టి హైదరాబాద్ సిటీ బస్సులో టికెట్ కొంటాను, బెజవాడ సిటీ బస్సులో కొనను.

వరంగల్ నుంచి రోజూ రైల్లో వెళ్ళిరావచ్చా?

వెళ్ళొచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. నెలవారీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల లోపు దూరానికే ఇస్తారు, కాజీపేట-సికింద్రాబాద్ 132, కాబట్టి దొరుకుతుంది. ఆఫీసు సికింద్రాబాద్, బేగంపేట వైపు అయితే ఆలోచించండి. గచ్చిబౌలి అయితే వద్దు. స్టేషన్ నుంచి అటు గంటంబావు, ఇటు గంటంబావు కలిపితే రాత్రి పదింటికి ఇల్లు చేరి అయిదింటికి లేవాలి. రోజూ ఇంటికి వస్తున్నట్టే ఉంటుంది గాని మెలకువ గంటలు వారం మొత్తానికి నాకన్నా పెద్దగా ఎక్కువ ఉండవు.

హాస్టలా, రూమా?

మూడు నాలుగు రాత్రుల కోసమైతే హాస్టలే. రూముకి అడ్వాన్సు, గ్యాసు, సామాన్లు, పదకొండు నెలల అగ్రిమెంటు, అన్నీ ఎందుకు? కాంట్రాక్ట్ ఆగిపోతే రూము వదలడమే పెద్ద పని అవుతుంది. ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దగ్గర చూసుకోండి, అద్దె రెండు వేలు ఎక్కువైనా సరే. నేను మొదట కూకట్‌పల్లిలో తక్కువకి దొరికిందని చేరి రోజుకి రెండున్నర గంటలు రోడ్డు మీద పోగొట్టుకున్నాను. వారమంతా అలా అలిసిపోతే ఆ నిద్ర బాకీ శనివారం తీరుతుంది, అంటే పాప గంటల్లోంచి పోతుంది.

చేరే ముందు రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి చూడండి, పగలు కాదు. అప్పుడే నీళ్ళు వస్తున్నాయా, కూర ఏం పెట్టారు, గేటు దగ్గర వెలుతురు ఉందా, పక్క గదుల శబ్దం ఎంత అన్నీ తెలుస్తాయి. "వారానికి మూడు రాత్రులే ఉంటాను" అని చెప్పి అద్దె తగ్గించమని అడగండి. తగ్గించరు, కానీ మెయింటెనెన్స్ కోత, నోటీసు రోజుల దగ్గర కొంత దిగొస్తారు. ఎంత అడ్వాన్సు తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోండి.

పిల్లలు అలవాటు పడతారా?

పడతారు. అలవాటు పడ్డప్పుడే మనకి కష్టం. మొదట్లో పాప ఏడ్చేది, ఆరు నెలలయ్యాక ఏడవడం మానేసింది, నేను బస్టాండ్‌కి ఆటో ఎక్కుతుంటే టీవీ వైపు చూస్తూనే చెయ్యి ఊపింది. ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

మాకు పనికొచ్చినవి రెండే. ఒకటి, రోజూ వీడియో కాల్‌లో "ఏం తిన్నావు, హోంవర్క్ అయిందా" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నలకి పిల్లల దగ్గర జవాబు ఉండదు. బదులుగా రాత్రి ఎనిమిదింబావుకి ఫోన్ స్టాండుకి పెట్టి ఇద్దరం ఎవరి పని వాళ్ళం చేసుకుంటాం. తను బొమ్మ వేస్తుంది, నేను బట్టలు మడతపెడతాను, మాటలు వస్తే వస్తాయి. ఒక్కోసారి ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడుకోం, పెన్సిల్ గీస్తున్న చప్పుడు వినిపిస్తుంది.

రెండోది, స్కూల్లో జరిగే వాటి తేదీలు నా క్యాలెండర్‌లో ఆఫీసు మీటింగుల పక్కనే ఉంటాయి. పేరెంట్స్ మీటింగ్, వార్షికోత్సవం. వాటికి నెల ముందే సెలవు చెప్తాను, జీతం పోతే పోయింది.

ఇంట్లో భారం అంతా ఒకరి మీద పడుతోంది. ఏం చెయ్యాలి?

ఊరికే థాంక్స్ చెప్పి ఊరుకోకండి, పని తగ్గించండి. మా అత్తయ్యకి 68 ఏళ్ళు. నేను లేని రోజుల్లో పొద్దున ఆవిడే క్యారేజీ కట్టేవారు, పాప జడ వేసేవారు, మోకాళ్ళ నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. మా ఆయన చెప్తే తెలిసింది. వంటకి ఒకావిడని పెట్టాం, జడ వెయ్యడం మా ఆయన నేర్చుకున్నారు. వంటావిడ జీతం కూడా నా రేటు లెక్కలో ప్రయాణ ఖర్చుగానే రాసుకున్నాను, నేను ఊళ్ళో లేకపోవడం వల్ల వచ్చిన ఖర్చే కదా. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం ఉదయం దాకా అత్తయ్యకి సెలవు. ఆవిడ గుడికి వెళ్తారో, చెల్లెలింటికి వెళ్తారో ఆవిడ ఇష్టం.

సాయంత్రాలు ఒంటరిగా అనిపిస్తుంది.

అనిపిస్తుంది. ముఖ్యంగా ఏడింటికి, చుట్టూ అందరూ ఇళ్ళకి వెళ్ళే టైములో. రోజూ ఆ గంటకి ఒక పని పెట్టుకోండి. నాకు నడక. ఆఫీసు పని రాత్రి పదకొండు దాకా సాగదీయకండి, "ఎలాగూ ఇల్లు లేదు కదా" అని టీమ్ మొత్తం పని మన మీదే వేసే ప్రమాదం ఉంది.

నడుము, కాళ్ళు పట్టేస్తున్నాయి.

రాత్రి బస్సులో గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించండి, ఆగినచోటల్లా దిగి నాలుగడుగులు వెయ్యండి. బాత్రూమ్ భయంతో నీళ్ళు తాగడం మానెయ్యకండి. చాలామంది ఆడవాళ్ళం చేసే తప్పు ఇదే, నాకు రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ అలాగే వచ్చింది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. సొంత ఆరోగ్య బీమా తీసుకోండి, పేరోల్ కంపెనీ ఇచ్చేది కాంట్రాక్ట్‌తో పాటే పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

పేరోల్ కంపెనీ జీతం ఆపేస్తే?

నాకు జరిగింది. "క్లయింట్ మాకు ఇవ్వలేదు" అని ఏడు వారాలు తిప్పారు. హాస్టల్ డబ్బు మా ఆయన పంపారు. నేను చేసిన తప్పు అయిదు వారాలు ఊరుకోవడం. తర్వాత క్లయింట్ కంపెనీ హెచ్ఆర్‌కి తేదీలు, టైమ్‌షీట్లతో మర్యాదగా ఒక మెయిల్ రాస్తే పది రోజుల్లో వచ్చింది. కాంట్రాక్టరు (అంటే ఇక్కడ పేరోల్ కంపెనీ) జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇచ్చి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్ట్ కార్మికుల చట్టంలో ఉండేది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ నియమం ఉంచారు. మీ ఒప్పందం దాని కిందికి వస్తుందో లేదో లాయర్‌కి చూపించండి, కానీ మెయిల్ రాయడానికి లాయర్ అక్కర్లేదు.

పీఎఫ్ పాస్‌బుక్ నెల నెలా ఉమంగ్ యాప్‌లో చూడండి. జీతంలో కోసి అక్కడ కట్టకపోవడం జరుగుతుంది. కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్‌కి ఉండే పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. అలాగే ఆఫర్ లెటర్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ (ఇన్నాళ్ళకని రాసి తీసుకున్న) ఉద్యోగి అని ఉంటే కొత్త కోడ్ ప్రకారం ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది, అడగండి.

ఎప్పుడు ఆపెయ్యాలి?

నేను ఒక తేదీ పెట్టుకున్నాను: పాప ఏడో క్లాసుకి వచ్చే జూన్. ఆలోపు ఇంటి లోన్‌లో ఎంత తీర్చాలో అంకె రాసి బీరువా తలుపు లోపల అతికించాం. ప్రతి ఎక్స్‌టెన్షన్ వచ్చినప్పుడు మా ఆయన, నేను ఆ కాగితం ముందు కూర్చుని మాట్లాడుకుని అప్పుడే సరే అంటాం. ఇంకో సంగతి, వరసగా మూడు వారాలు ఇంట్లో గంటలు 20 కన్నా తగ్గితే ఆ కాంట్రాక్ట్ పొడిగించను. ఒకసారి అలా వదిలేశాను, రెండు నెలలు ఖాళీగా ఉన్నాను, మళ్ళీ దొరికింది.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

తక్కువ. హాస్టల్‌లో ఒక జత దుప్పట్లు, చెప్పులు, ఛార్జర్, సబ్బులు ఎప్పుడూ ఉంచేయండి, వారం వారం మొయ్యకండి. నా బ్యాగులో లాప్‌టాప్, మూడు జతల బట్టలు, ఒక కందిపొడి సీసా. ఆవకాయ మాత్రం అత్తయ్య కట్టిందే: చిన్న స్టీలు డబ్బా, మూత కింద ప్లాస్టిక్ కవరు, పైన రెండు రబ్బరు బ్యాండ్లు, దాని మీద పాత టవలు. ఒకసారి నేనే కట్టుకున్నాను, కోదాడ దాటేసరికి బట్టలన్నిటికీ నూనె అంటింది. అప్పటి నుంచి సోమవారం సాయంత్రం ఆ డబ్బా ఆవిడ కడుతుంటే పాప రబ్బరు బ్యాండ్లు పట్టుకుని పక్కన నిలబడుతుంది.